తాటాకు నుండి తెర వరకు

గత వేసవిలో మా స్వగ్రామం వెళ్లినప్పుడు ఒక చిన్న దృశ్యం చూచినాను. మా మేనత్తగారికి ఎనభై ఏండ్లు దాటినవి. రెండు కళ్లకూ శుక్లాలు తీయించినారు. అయినా అచ్చుపుస్తకంలోని సన్నని అక్షరాలు ఆమెకు ఆనవు. భారతం ముట్టి నాలుగైదేండ్లయినదని వెళ్లినప్పుడెల్లా చెప్పుకొని బాధపడుచుండేవారు. ఈసారి నేను వెళ్లేసరికి ఆమె వసారాలో పడకకుర్చీలో కూర్చుండి, అరచేతికన్న కొంచెం పెద్దదైన ఒక పలకను ఒడిలో పెట్టుకొని, పెదవులు కదుపుతూ విరాటపర్వం చదువుకొనుచున్నారు. పలక మీద ఒక్కొక్క అక్షరం రేగుపండంత ఉన్నది. మనుమరాలు పట్నం నుండి తెచ్చి ఇచ్చిన ఈ-రీడరు అది.

ఆ వసారాకు ఆనుకొని ఉన్న గదిలో, అటక మీద, మా ముత్తాతగారి నాటి తాటాకుల కట్ట ఒకటి ఉన్నది. దాని క్రింది గోడబీరువాలో మా తాతగారు కొన్న అచ్చు భారతం ఉన్నది. ఇప్పుడు అత్తయ్య ఒడిలోకి ఈ పలక వచ్చినది. పుస్తకం ధరించిన మూడు దేహాలు ఒకే ఇంటిలో, పది అడుగుల మేరలో నాకు కనబడినవి.

ఆమె నన్ను చూచి, కళ్లజోడు పైకి తోసుకొని, ఒక ప్రశ్న వేసినారు: "ఒరే నాయనా, నువ్వు చదువుకున్నవాడివి, చెప్పు. ఇందులో ఉన్న భారతం మనదేనా? లేక మళ్లీ ఎవరికైనా తిరిగి ఇచ్చెయ్యాలా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుటయే ఈ ప్రసంగం. అచ్చుపుస్తకం కంటె ఈ-రీడరు మేలా కాదా అని నేడు పలువురు వాదించుకొనుచున్నారు. కాని పుస్తకం దేహం మార్చుకొనుట ఇది మొదటిసారి కాదు. మునుపు మార్చుకొన్నప్పుడు మనకు ఏమి లభించినది, ఏమి పోయినది అని ఒకసారి వెనుదిరిగి చూచినచో, ఈనాటి వాదం కొంత తేటపడగలదు.

మొదట తాటాకు సంగతి. తాళపత్ర గ్రంథం సిద్ధం చేయుట తేలికైన పని కాదు. ముదురూ లేతా కాని ఆకు కోసి, ఈనె తీసి, ఆరబెట్టి, ఉడికించి, మరల నీడన ఆరబెట్టి, నునుపు తేర్చి, ఒకే కొలతకు కత్తిరించవలెను. ఆకులలో రంధ్రం చేసి త్రాడు దూర్చవలెను. పైనా క్రిందా చెక్కపలకలు అమర్చవలెను. గంటంతో గీచిన అక్షరం మొదట కంటికి ఆనదు. మసి, ఆకుపసరు కలిపి రుద్దిన పిదపనే అది నల్లగా తేలును. ఇనుపమొన ఆకును చీల్చకుండుటకై గీతలను గుండ్రముగా త్రిప్పుట అలవాటైనదనీ, మన లిపి గుండ్రదనానికి అది ఒక కారణమనీ పెద్దలు చెప్పుదురు.

ఆ గ్రంథంలో పదానికీ పదానికీ నడుమ ఎడం లేదు. పద్యాన్ని పాదాలుగా విరిచి వ్రాయు వాడుక లేదు. ఆకు ఈ కొననుండి ఆ కొనదాకా అక్షరాలు వరుసగా సాగిపోవును. కనుక చదువుట అనునది ఒక ప్రత్యేక విద్య. ఊరిలో ఒకరు చదివితే పదిమంది విందురు. అంతేకాదు, మన ఎండకూ తేమకూ పురుగుకూ తాటాకు చిరకాలం తాళదు. కొన్ని తరాలకొకసారి మరొకరు పూనుకొని క్రొత్త ఆకుల మీద నకలు వ్రాయవలెను. వ్రాసినవారు లేకపోతే ఆ గ్రంథం అంతటితో సరి. నన్నయ కాలపు ప్రతి ఏదియు మనకు దక్కలేదు. నేడు మనం చదువుచున్న భారతం నకలుకు నకలు, దానికి మరల నకలు. పేరు చెప్పుకొనని లేఖకుల వ్రేళ్ల నొప్పియే ఆ తొమ్మిది వందల ఏండ్ల పైబడిన వారధి.

ఈ సత్యాన్ని బాగుగా గ్రహించిన వారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఒకడు. 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో కంపెనీ ఉద్యోగంలో ప్రవేశించిన ఈ దొర తెలుగు నేర్చుకొనబోయి, నేర్చుకొనుటకు మంచి పుస్తకాలు దొరకక ఆశ్చర్యపడినాడు. కావ్యాలు లేక కాదు. ఉన్నవి ఇంటింటా కట్టలలో, తప్పులతో, కొరతలతో, పురుగు తిన్న చోట్లతో ఉన్నవి. ఆయన కడప బంగళాలో పండితులనూ లేఖకులనూ జీతాలకు పెట్టినాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఆ పనిలో పాలుపంచుకొన్నారు. ఒక్కొక్క కావ్యానికి పలు తాళపత్ర ప్రతులు సేకరించుట, వాటిని సరిపోల్చి పాఠభేదాలు గుర్తించుట, కాగితం మీద శుద్ధప్రతి వ్రాయించుట, ఇదీ అక్కడి నిత్యకృత్యం. ఇందుకు తన జీతం చాలక అప్పులు కూడ చేసినాడు. ఆ వ్రాతప్రతులు పిమ్మట మద్రాసులోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరినవి. ఈనాటికీ పరిశోధకులకు అవి ఆధారాలు.

బ్రౌను దొర కాగితాన్ని ఎందుకు ఎన్నుకొన్నాడు? తాటాకు కంటె కాగితం చిరకాలం నిలుచునని కాదు. ఆ విషయంలో రెంటికీ పెద్ద తేడా లేదు. కాగితం మీద అక్షరం ప్రక్కన మరొక పాఠం వ్రాసుకొనవచ్చును, అంచున వ్యాఖ్య చేర్చవచ్చును, విషయసూచిక కట్టవచ్చును, అన్నిటికన్న ముఖ్యం, దానిని అచ్చుకు పంపవచ్చును. 1829లో ఆయన వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చు వేయించినాడు. 1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది.

తెలుగు అచ్చు అప్పటికే నూరేండ్ల చరిత్ర కలది. 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ అను క్రైస్తవ బోధకుడు తెలుగు పుస్తకాలు ముద్రింపజేసినాడు. 1814లో శ్రీరామపురంలో విలియం కేరీ తెలుగు వ్యాకరణం, 1816లో మద్రాసులో ఎ.డి.కాంబెల్ వ్యాకరణం వెలువడినవి. అయితే ఇవి దొరల కొరకు దొరలు వేసినవి. తెలుగువాని ఇంటికి తెలుగు కావ్యం అచ్చులో రావలెనన్న దీక్ష పూనినవారు తరువాత వచ్చినారు. 1854లో మద్రాసులో వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు స్థాపించిన ముద్రణాలయం అట్టిదే. మా తాతగారి బీరువాలో ఉన్న భారతం వావిళ్లవారిదే.

అచ్చు ఇచ్చిన వరాలు రెండు. ఒకటి సంఖ్య: ఒక లేఖకుడు నెలల తరబడి వ్రాయు గ్రంథం వేయి ప్రతులై ఒక్కసారి వచ్చును. రెండవది సమానత: బందరులో చదువు పుటయే బళ్లారిలోనూ చదువుదురు, ఫలానా పుటలో ఫలానా పంక్తి అని ఉత్తరం వ్రాసుకొనవచ్చును. పదాలకు ఎడం వచ్చినది, పద్యానికి పాదాలు వచ్చినవి, కామాలు ఫుల్‌స్టాపులు వచ్చినవి. పెదవి కదల్పక మనసులో చదువుకొను అలవాటు ఇంటింటా పాతుకొన్నది. పోయినది కూడ ఒకటున్నది. ఊరంతా కూర్చుండి వినే పురాణం పలుచబడినది. ఎవరి పుస్తకం వారిది, ఎవరి దీపం వారిది అయినది.

అచ్చు వచ్చినంతనే పుస్తకం అందరికీ అందినదా? అందలేదు. అందించుటకు మరొక ఉద్యమం కావలసివచ్చినది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసినవి. 1935లో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువలో పుస్తకాల పడవ నడిచినది. పడవ ఒడ్డుకు వచ్చి ఆగితే పల్లెవాడు పుస్తకం తీసుకొనును. చదివిన పుస్తకం తిరిగి ఇచ్చును. దూరం, బరువు, వెల అను మూడు అడ్డంకులను దాటుటకు మన పెద్దలు ఎంత తపించినారో ఆ పడవను తలచుకొంటే తెలియును. ఈ-రీడరు మేళ్లను ఎంచునప్పుడు నేను ఆ పడవనే కొలబద్దగా పెట్టుకొందును.

చదువు యంత్రం కావలెనన్న కోరిక కూడ క్రొత్తది కాదు. స్పెయిను దేశంలో ఆంజెలా రూయిస్ రోబ్లెస్ అను ఉపాధ్యాయిని ఉండెడిది. పిల్లలు పుస్తకాల సంచులు మోయలేక వంగిపోవుట చూచి, 1949లో ఆమె "యాంత్రిక విజ్ఞాన సర్వస్వం" అను పరికరానికి పేటెంటు పొందినది. ఒక పెట్టె, అందులో చుట్టలుగా చుట్టిన పాఠాలు, చుట్ట మారిస్తే పాఠం మారును, అక్షరాన్ని పెద్దది చేసి చూపు భూతద్దం కూడ ఆమె ఊహలో ఉన్నది. 1962లో నమూనా తయారైనది. కాని తయారుచేసి అమ్మువారు దొరకలేదు. 1975లో ఆమె కన్నుమూసినది. బడిపిల్లల వీపులు చూచి ఒక పంతులమ్మ కన్న కల అది. ఈ చరిత్రలో తొలి పుటలు వ్రాసినవారిలో ఆమెకు చోటున్నది.

1971 జూలై 4వ తేదీన అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అను విద్యార్థి ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులో టైపు చేసి, కోరినవారు తీసుకొనవచ్చునన్నాడు. ప్రాజెక్టు గూటెన్‌బర్గు అట్లు మొదలైనది. చేసినది ఏమి? ఒక నకలు. అయితే ఈ నకలుకు ఆకులు అక్కరలేదు, సిరా అక్కరలేదు. ఒకసారి వ్రాసినచో ఎన్ని ప్రతులైనను ఖర్చు లేకయే తీయవచ్చును. లేఖకుని వ్రేళ్ల నొప్పి ఒక్కసారితో తీరినది.

అక్షరాలు కంప్యూటరులో చేరినవి గాని, ఆ వెలుగుతెర ముందు గంటలకొలది కూర్చుండి నవల చదువుట కంటికి శ్రమ. ఈ చిక్కు విడదీసినది విద్యుత్ సిరా. అమెరికాలోని ఎం.ఐ.టి.లో జోసెఫ్ జేకబ్సన్, ఆయన శిష్యులు చేసిన కృషి ఫలితంగా 1997లో ఈ-ఇంక్ అను సంస్థ ఏర్పడినది. దాని కిటుకు ఇది: తెరలో మనిషి వెంట్రుక మందమున్న బుడగలు లక్షలకొలది ఉండును. ఒక్కొక్క బుడగలో తెల్లని రేణువులు, నల్లని రేణువులు తేలుచుండును. తెల్లవానికి ఒక విద్యుదావేశం, నల్లవానికి దానికి వ్యతిరేకమైనది. విద్యుత్తు ఒకవైపు లాగితే నలుపు పైకి వచ్చును. మరొకవైపు లాగితే తెలుపు. ఆ చుక్కల కలయికయే అక్షరం. ఈ తెరకు కాగితంవలె బయటి వెలుతురే చాలును. ఎండలో మరింత స్పష్టంగా కనబడును. పుట త్రిప్పునప్పుడే గాని విద్యుత్తు ఖర్చు కాదు. కనుక ఒకసారి చార్జి చేస్తే రోజుల తరబడి, వారాల తరబడి పనిచేయును.

ఈ సిరాతో మొదటి పఠనయంత్రాన్ని 2004లో సోనీవారు జపానులో లిబ్రియే అను పేరుతో విక్రయించినారు. 2007 నవంబరు 19న అమెరికాలో అమెజాన్‌వారి కిండిల్ వచ్చినది. బరువు 300 గ్రాములకు లోపు. సుమారు 200 పుస్తకాలు అందులో ఇమిడినవి. దానికి అమరిన నిస్తంత్రి సంబంధం వలన కూర్చున్న చోటనే పుస్తకం కొని నిమిషంలో చదువ మొదలిడవచ్చును. పడవ ఒడ్డుకు వచ్చుదాకా ఎదురుచూడనక్కరలేదు.

ఇక అచ్చుపుస్తకంతో పోల్చి మేళ్లను ఒక్కొక్కటి తూచి చూతము.

మొదటిది అక్షరం పరిమాణం. నా మట్టుకు నాకు ఇదే అన్నిటికన్న గొప్పది. అచ్చుపుస్తకంలో అక్షరం పరిమాణాన్ని ముద్రాపకుడు నిర్ణయించును. ఈ-రీడరులో చదువరి నిర్ణయించుకొనును. మా అత్తయ్యవంటి వృద్ధులకు ఇది సౌకర్యం మాత్రమే కాదు. మూతబడిన తలుపు మరల తెరచుకొనుట. రెండవది బరువు. పదునెనిమిది పర్వాల అచ్చు సంపుటాలను కీళ్లనొప్పులున్న చేతులు ఎత్తజాలవు. పలక బరువు మాత్రం లోపల పది పుస్తకాలున్నా, వేయి పుస్తకాలున్నా ఒక్కటే. మూడవది దూరం. దుబాయిలోనో డాలసులోనో ఉన్న తెలుగు కుటుంబానికి విజయవాడనుండి పుస్తకం పంపుటకు తపాలా ఖర్చు పుస్తకం వెలను మించును. అక్షరాలకు తపాలా ఖర్చు లేదు. నాలుగవది నిఘంటువు. అర్థం తెలియని మాటపై వ్రేలు పెడితే చాలు, నిఘంటువు తెరచుకొనును. బ్రౌను నిఘంటువు కూడ చికాగో విశ్వవిద్యాలయంవారి దక్షిణాసియా నిఘంటువులలో చేరి కంప్యూటరులో వెదుకుటకు వీలుగా ఉన్నది.

ఐదవది శబ్దం. రేడియోలో పనిచేయువాడిని కనుక ఈ మేలును నేను కొంచెం ఎక్కువగా తలచుట సహజం. యంత్రం అక్షరాన్ని చూపుటయే కాక చదివి వినిపించగలదు. 2009లో రెండవ కిండిల్‌కు ఈ శక్తి వచ్చినప్పుడు అమెరికా రచయితల సంఘం అభ్యంతరం చెప్పినది. ఏ పుస్తకం చదివి వినిపించవచ్చునో నిర్ణయించు హక్కును అమెజాన్‌వారు ప్రచురణకర్తలకు విడిచిపెట్టినారు. కాని చూపులేనివారి మాట ఏమి? వారికి అనువైన రూపంలో పుస్తకాల నకళ్లు తీయుటకు హక్కుదారుల అనుమతి అడ్డు కాకూడదని 2013లో మరాకేష్‌లో ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. 2014లో దానిని మొట్టమొదట ధ్రువీకరించిన దేశం భారతదేశం. 2016లో అది అమలులోనికి వచ్చినది. ఊరంతా కూర్చుండి వినే పురాణం అచ్చుతో పలుచబడినదన్నాను కదా, అందులో కొంత యీ దారిన తిరిగి వచ్చుచున్నదని చెప్పవచ్చును.

అచ్చుపుస్తకం ప్రక్కన చెప్పవలసినవీ ఉన్నవి. 2000 నుండి 2017 వరకు జరిగిన 54 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశోధకులు 2018లో ఒక నిర్ణయానికి వచ్చినారు. విషయాన్ని బోధించు రచనలను తెర మీద కంటె కాగితం మీద చదివినవారికి అవగాహన కొంత మెరుగుగా ఉన్నది. నియమిత కాలంలో త్వరగా చదువవలసి వచ్చినప్పుడు ఆ తేడా పెరిగినది. కథలు చదువునప్పుడు మాత్రం తేడా కానరాలేదు. అనుభవం కూడ ఇట్లే చెప్పును. చదివిన మాట ఎడమ పుటలో, అడుగున, పుస్తకంలో ఇంత మందం దాటినాక ఉన్నదని చేతికి గుర్తుండును. తెరకు అట్టి మందం లేదు. పరీక్షకు చదువు విద్యార్థికి అచ్చుపుస్తకం, ప్రయాణంలో నవల చదువువారికి పలక మేలని చెప్పుటలో తప్పులేదు.

ఇక అత్తయ్య ప్రశ్న. పుస్తకం మనదా, తిరిగి ఇవ్వవలసినదా?

అచ్చుపుస్తకం కొన్నచో అది మనది. చదివి అల్లుడికి ఇవ్వవచ్చును; గ్రంథాలయానికి దానం చేయవచ్చును; మనుమలకు వదలిపోవచ్చును. ఈ-రీడరు పుస్తకం అట్లు కాదు. సోనీవారి లిబ్రియేలో తెచ్చుకొన్న పుస్తకం 60 దినాలకు చదువరాకుండ పోయెడిది. 2009 జూలైలో అమెరికాలో మరొక వింత జరిగినది. జార్జి ఆర్వెల్ వ్రాసిన "1984", "యానిమల్ ఫారం" నవలల ప్రతులను హక్కులేని సంస్థ ఒకటి అమ్మినదని తెలిసి, అమెజాన్‌వారు కొన్నవారి పలకలలోనుండి వాటిని దూరమునుండియే తొలగించినారు. సొమ్ము తిరిగి ఇచ్చినారు; సంస్థ అధిపతి క్షమాపణ కూడ చెప్పినాడు. కాని జనం ఉలికిపడినారు. ఇంటిలోని బీరువా తెరచి అమ్మినవాడు పుస్తకం తీసుకొనిపోయినట్లయినది. ప్రభుత్వం పాత వ్రాతలను మాపివేయు కథ గల నవలయే మాయమగుట మరొక విడ్డూరం. 2019లో మైక్రోసాఫ్ట్‌వారు తమ ఈ-పుస్తకాల అంగడి మూసివేసినప్పుడు అక్కడ కొన్న పుస్తకాలన్నీ పనిచేయుట మానినవి. అక్కడ కూడ సొమ్ము తిరిగి వచ్చినది గాని పుస్తకాలు రాలేదు. అంగడి మూతపడితే అచ్చుపుస్తకం మన బీరువాలో ఉండును. తాళంచెవి అమ్మినవాని దగ్గర ఉన్న పుస్తకానికి ఆ ధైర్యం లేదు.

తెలుగువారికి దీనికి తోడు మరొక చిక్కున్నది. యంత్రం ముందు మన అక్షరాన్ని గుర్తుపట్టవలెను. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించినారు. అంతకు ముందు ఎవరి ఖతి వారిది, ఎవరి సంకేతం వారిది. ఒకరు టైపు చేసినది మరొకరి కంప్యూటరులో పిచ్చిగీతలై కనబడెడిది. సంకేతం కుదిరినంతనే అయిపోలేదు. "క్ష్మ" అనో "స్త్రీ" అనో వ్రాయవలెనన్న ఒత్తులు ఎక్కడ కూర్చుండవలెనో యంత్రానికి నేర్పవలెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమనల పేర్లతో యూనికోడు ఖతులు రూపొందించి ఉచితంగా ఇచ్చినారు. 2010లో హైదరాబాదునుండి కినిగె అను తెలుగు ఈ-పుస్తకాల సంస్థ పని మొదలుపెట్టినది. కాని 2016 డిసెంబరులో అమెజాన్‌వారు భారతీయ భాషల ఈ-పుస్తకాల విభాగం తెరచినప్పుడు అందులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నవి, తెలుగు లేదు. కోట్లమంది మాటాడు భాష వాకిట నిలిచిపోయినది. పలక ఎంత మంచిదైనను, అందులో మన భాష లేనప్పుడు దాని మేళ్లు మన మేళ్లు కావు.

పాత పుస్తకాల విషయంలో ఒక తెలుగువాని పేరు చెప్పవలసియున్నది. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన దబ్బల రాజగోపాల రెడ్డిగారు, లోకం రాజ్ రెడ్డి అని పిలుచు ఆయన, పది లక్షల పుస్తకాలను కంప్యూటరులోనికి ఎక్కించు ప్రణాళికకు సారథ్యం వహించినారు. మన దేశంలో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ అందులో ముఖ్య భాగస్వామి. ఈ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వేలకొలది తెలుగు పుస్తకాల పుటలు ఛాయాచిత్రాలుగా నిలిచినవి. తరువాతి కాలంలో ఆ గ్రంథాలయపు వెబ్ స్థానాలు అందకుండ పోయినప్పుడు, అంతకు ముందే ఇంటర్నెట్ ఆర్కైవులో చేరిన నకళ్లు మనకు మిగిలినవి. తాటాకుల నాటి ధర్మమే ఇక్కడనూ నిలిచినది: నకలున్న పుస్తకం బ్రతుకును.

అయితే పుట ఛాయాచిత్రం వేరు, అక్షరపాఠం వేరు. ఛాయాచిత్రాన్ని చిన్న పలకలో పెట్టి అక్షరం పెద్దది చేయబోతే పుట అంచులు తెర దాటిపోవును. దానిని యంత్రం చదివి వినిపించలేదు, నిఘంటువు వెదుకలేదు. ఇందాక ఎంచిన మేళ్లలో పెక్కు, అక్షరాలను ఒక్కొక్కటిగా టైపు చేసి, తప్పులు దిద్దినప్పుడే సమకూరును. ఆ పని చేయువారున్నారు. 2005లో మొదలైన తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందంగా పనిచేయువారు ఒకవైపు పాత పుట బొమ్మ పెట్టుకొని, మరొకవైపు పాఠాన్ని సరిచూచుచున్నారు. వారికి జీతం లేదు. కడప బంగళాలో బ్రౌను పండితులు చేసిన పనికీ దీనికీ భేదం పరికరంలోనే గాని పనిలో లేదు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన పిదప 60 ఏండ్ల వరకే గ్రంథస్వామ్యం ఉండును. ఆ గడువు దాటిన సాహిత్యమంతయు ఈ లేఖకుల కొరకు ఎదురుచూచుచున్నది.

ఇప్పుడు అత్తయ్య ప్రశ్నకు నాకు జవాబు దొరకినది. అచ్చుపుస్తకమా, ఈ-రీడరా అన్నది అసలు ప్రశ్న కాదు. కళ్లు ఆననివారికి, చేతులు ఎత్తలేనివారికి, దూరదేశాలలో ఉన్నవారికి ఈ-రీడరు మేలని సందేహం లేకుండ చెప్పవచ్చును. అడుగవలసినది వేరొకటి: ఈ నకలు ఎవరు చేసినారు, దీనికి మరొక నకలు తీయు స్వాతంత్ర్యం మనకున్నదా? ఉన్నచో పుస్తకం మనది. లేనిచో, ఎంత వెల ఇచ్చినను అది అద్దెకు తెచ్చినదే.

తిరిగి వచ్చునాడు ఆమె ప్రక్కన కూర్చుండి ఈ సంగతి చెప్పినాను. "మీరు చదువుతున్న విరాటపర్వం మనదే అత్తయ్యా. ఎవరో పుణ్యాత్ములు ఊరికే టైపు చేసి పెట్టారు, ఎవరూ వెనక్కు తీసుకోలేరు. మీ మనుమరాలు డబ్బు పెట్టి కొన్న నవలలున్నాయే, వాటి మాట మాత్రం చెప్పలేను."

ఆమె కొంతసేపు ఆలోచించినారు. పిదప, "అయితే దీనికి ఇంకో నకలు తీసి మీ చెల్లెలికి కూడా పంపించు. అటక మీది కట్ట దింపి అదేమిటో కూడా చూడు. మీ ముత్తాత ఎంత కష్టపడి రాశాడో ఏమో" అన్నారు.

చెల్లెలికి ఆ సాయంకాలమే పంపినాను. కట్ట దింపి, బూజు దులిపి, ఆకు ఆకుకూ ఫొటో తీసినాను. చివర రెండు ఆకులు పురుగు తిన్నవి. మిగిలినవి చదువుటకు తాళపత్రాలు తెలిసిన పండితుని కొరకు వెదుకుచున్నాను.